గడ్డ మాయమైన వారం

పోయిన వారం మిమ్మల్ని పద్నాలుగో నంబరు గదిలో, తలకు కట్టుతో మంచం మీద కూర్చున్న థ్రేసియామ్మ మేట్రన్ దగ్గర వదిలేసి వచ్చాను. మధ్యలో ఏడు రోజులు గడిచాయి కాబట్టి నాలుగు ముక్కల్లో గుర్తు చేస్తాను. కేరళలో మీనచ్చిల్ ఏటి ఒడ్డున ఉన్న మా ఆసుపత్రిలో తలకాయ ఆపరేషన్ల వార్డుని ముప్ఫై నాలుగేళ్ళు ఏలిన మనిషి ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు, తనని చేచ్చి, అంటే అక్క, అని పిలిచే చెల్లెలు ఏలియామ్మతో కలిసి ఉంటుంది. డెబ్భై రెండో ఏట ఉన్నట్టుండి మాటలు తగ్గించేసింది. జాకెట్టు తిరగేసి తొడుక్కుంది. ఒకరోజు చెల్లెల్నే పట్టుకుని "మీ ఇల్లెక్కడండీ?" అని అడిగింది. వయసు కదా అని మూడు నెలలు అందరం ఊరుకున్నాం. చివరికి స్కాన్ తీస్తే మెదడు నడిమధ్యలో గడ్డ కనిపించింది. సనల్ డాక్టరు దాన్ని చూసి, "ముసలివాళ్ళలో ఇలాంటిది ఏడాదికి ఒకటో రెండో చూస్తాం. పేరు తేలందే మందు పెట్టలేను" అన్నారు. పుర్రెకు చిన్న చిల్లు పెట్టి సూదితో ముక్క తీశారు. ఆ ముక్క రిపోర్టు కోసమే అందరం ఎదురుచూస్తున్నాం.

నేను ఫిలోమినాని. అదే వార్డుకి ఇప్పటి ఇన్‌ఛార్జి సిస్టర్ని, మేట్రన్ చేతి కింద పెరిగినదాన్ని. ఇన్ని వారాలుగా ఈ కథ చెబుతూ ఒక సంగతి మీ దగ్గర కూడా దాచాను. ఇవాళ చెప్పక తప్పదు.

మంగళవారం పొద్దున నేను గదిలోకి వెళ్ళేసరికి మేట్రన్ ఉడికించిన కర్రపెండలం, ఎర్రటి చేపల పులుసు ముందేసుకుని కూర్చుంది. రెండు వారాల కిందట చెంచాతో గంజి పోస్తే మింగడం మరిచిపోయిన మనిషి. ఇప్పుడు తింటూ తింటూనే, ఏలియామ్మ పడుకునే మంచానికి దుప్పటి వేస్తున్న ట్రైనింగు పిల్ల మీద విరుచుకుపడుతోంది.

"ఆ మూల చూడు. అది దుప్పటి మూలా, పిల్లి పడుకున్న గుంటా? ముడత గుచ్చుకుంటే పేషెంటు వీపు పుండవుతుంది. ఎవరు నేర్పారే నీకు?"

ఆ పిల్ల బెదురుగా నావైపు చూసింది.

"ఈవిడా? ఈవిడకి నేర్పింది నేనే. మొదట్లో నీకంటే దరిద్రంగా వేసేది."

ఏలియామ్మ ముఖం వెలిగిపోయింది. "విన్నావా ఫిలో? మా చేచ్చి నోరు మళ్ళీ లేచింది! తొమ్మిది సాయంత్రాలు మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన చేశాను. సెబాస్టియన్ పుణ్యాత్ముడు ఊరికే వదులుతాడా? ఈ ఆదివారం చర్చి నుంచి ఆయన బాణం ఊరేగింపుగా మా ఇంటికి వస్తోంది. బ్యాండు మేళం కూడా మాట్లాడేశాను."

"బ్యాండెందుకే? చిల్లు పెట్టింది నా తలకి. మోత పెట్టాలంటే నన్నడగాలి" అంది మేట్రన్.

నవ్వాను. నవ్వానే గానీ లోపల నా ప్రాణం నా దగ్గర లేదు. ఆవిడ ఎందుకు కోలుకుందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

పదిగంటలకి సనల్ డాక్టరు వచ్చారు. వెనకాలే వత్సల డాక్టరు. ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసేది ఆవిడే. ఆవిడ కింది అంతస్తు దాటి పైకి రావడం నా సర్వీసులో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ మంచికి కాదు.

"రెండు ముక్కలూ అంచు నుంచి అంచు దాకా చూశాను" అంది వత్సల డాక్టరు. "చచ్చిన కణాలున్నాయి. ఆ చెత్త ఊడ్చే కణాలున్నాయి. గడ్డ కణం ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు."

"నిన్నటి స్కాన్‌లో గడ్డ సగానికి పైగా కరిగిపోయింది" అన్నారు సనల్ డాక్టరు. ఆయన గొంతులో సంతోషం లేదు.

ఏలియామ్మ చేతులు జోడించి పైకి చూసింది. "నేను చెప్పలా!"

వత్సల డాక్టరు ఏలియామ్మ మంచం మీదే కూర్చుంది. "అమ్మా, నిదానంగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఇక్కడ చేరకముందు మీ అక్కగారికి స్టీరాయిడ్ మందు ఏదైనా పడిందా? ఆయాసానికో, కీళ్ళనొప్పులకో, ఎవరైనా వైద్యుడిచ్చిన పొడో?"

"ఏమీ లేదు డాక్టర్. బీపీ మాత్ర, గ్యాసు మాత్ర. చేర్చినప్పుడూ ఇదే చెప్పాను."

"మేట్రన్, మీకేమైనా...?"

"ఆ రోజులు నాకు గుర్తే లేవమ్మా. మంచు పట్టిన అద్దంలా ఉంది."

నేను కిటికీ దగ్గర నిలబడి పరదా సర్దుతున్నాను. అది సర్దాల్సిన పరదా కాదు.

సనల్ డాక్టరు పెన్ను తీశారు. "అయితే ఇది గడ్డ కాకపోవచ్చు. మెదడులో ఒక రకం వాపు జబ్బు కూడా ఇలాగే కనిపించి ఇలాగే తగ్గుతుంది. ఎల్లుండి ఇంటికి పంపిద్దాం. స్టీరాయిడ్ మాత్రలు రెండు నెలలు వాడాలి."

"నాకు నచ్చట్లేదు. కానీ ఇంకో కారణం చూపించమంటే చూపించలేను" అంది వత్సల డాక్టరు.

ఆ మాత్రల చీటీ రాసి ఇన్‌ఛార్జి సిస్టరు చేతికే ఇచ్చారు. అంటే నా చేతికి.

చీటీ పట్టుకుని మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఇక చెబుతాను. స్కాన్ తీశాక మేట్రన్‌కి వార్డులో మంచం ఖాళీ కావడానికి ఇంట్లో నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ఏలియామ్మ రోజూ సాయంత్రం ప్రార్థనకి వెళితే పక్కింటిదాన్ని కాబట్టి నేను కాపలా ఉండేదాన్ని. మొదటిరోజు సాయంత్రం మేట్రన్ తల రెండు చేతులా పట్టుకుని గోడకేసి కొట్టుకుంది. వాంతులు ఆగలేదు. మా వార్డులో పెరిగిన ఏ నర్సుకైనా అప్పుడు చెయ్యి ఎటు పోతుందో నా చెయ్యి అటే పోయింది. తలలో వాపంటే ముందు డెక్సా, తర్వాత మిగతా మాటలు. ఈ పాఠం మాకు నూరిపోసింది థ్రేసియామ్మ మేట్రనే. ఆ మందుతో కళ్ళు తెరిచినవాళ్ళు మా వార్డులో లెక్కలేనంతమంది. మా ఇంట్లో మందులున్నాయి, సూదులున్నాయి. నాలుగు సాయంత్రాలు నాలుగు ఇంజక్షన్లు ఇచ్చాను. మూడోరోజు ఆవిడ లేచి కూర్చుని కాఫీ అడిగితే నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

డెక్సా అంటే స్టీరాయిడే.

అయిదోరోజు చేర్చాం. కేసు కాగితం మీద సనల్ డాక్టరు ఎర్ర సిరాతో రాశారు: ముక్క తీసేదాకా స్టీరాయిడ్ దగ్గరికి రానివ్వొద్దు. అది చదివాను. చదివి దుప్పట్లు మడతపెట్టుకున్నాను. డాక్టరు చెప్పకుండా ఇంజక్షన్ ఇచ్చిన సిస్టరుకి ఉద్యోగం ఉండదు. నాకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. నాలుగు సూదులకి ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికిదాన్ని. ఇంకో మాట దొరకలేదు.

ఇప్పుడు ఆ చీటీ నా చేతిలో ఉంది. నేను నోరు మూసుకుంటే మేట్రన్ ఆ మాత్రలతో హాయిగా ఇంటికి వెళుతుంది. లోపలున్నది ఏమిటో పేరైనా తెలియకుండా దాని పని అది చేసుకుపోతుంది.

గదికి తిరిగి వచ్చేసరికి ఏలియామ్మ లేదు, బ్యాండువాళ్ళకి టైము చెప్పడానికి వెళ్ళింది. మేట్రన్ చేతులు కడుక్కుని నారింజపండు ఒలుచుకుంటోంది. తలుపు దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

ఆవిడ నారింజపండు పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"ఎంత ఇచ్చావు?"

"ఎనిమిది మిల్లీగ్రాములు."

"ఎన్ని గంటలకి?"

"సాయంత్రం ఆరింటికి. నాలుగురోజులూ."

"ఎక్కడ రాశావు?"

చేతిలో ఉన్న చీటీని ఇంకో మడత పెట్టాను.

"ఎక్కడ రాశావని అడుగుతున్నాను ఫిలో."

"రాయలేదు మేట్రన్."

అప్పుడు వచ్చింది ఆవిడకి కోపం. ముక్కుపుటాలు ఎర్రబడ్డాయి. "రాయలేదా! సూది వెయ్యడం నేను నేర్పాను. నా తల చూసి నీ చెయ్యి ఆగలేదంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కానీ వేసింది రాయకుండా ఉండటం నేను నేర్పలేదు. చచ్చినా నేర్పలేదు. ఎర్ర అక్షరాలు చదివి కూడా దాచావు చూడూ, అది నీ సొంతం."

"క్షమించండి..."

"క్షమాపణలు ఫాదర్ దగ్గర చెప్పుకో. కాగితం తే. ఇక్కడ కూర్చుని రాయి. తారీఖు, టైము, మందు, ఎంత, ఎవరిచ్చారు. సంతకం పెట్టు."

రాశాను. ఒక తారీఖు తప్పు పడితే, కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టించింది. ఆ తర్వాత డాక్టర్లిద్దరినీ పిలిపించి ఆ కాగితం తనే వాళ్ళ చేతిలో పెట్టింది.

సనల్ డాక్టరు నెమ్మదస్తుడు. ఆయన అరవగా నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

"ఎర్ర సిరాతో రాశాను సిస్టర్. చదవలేదా?"

"చదివాను డాక్టర్."

"ఎప్పుడు?"

"చేర్చిన రోజే."

"ఇందాక వత్సల అడుగుతుంటే మీరు ఈ గదిలోనే ఉన్నారు. ఉన్నారా లేదా?"

"ఉన్నాను."

"ఆవిడ తలకి చిల్లు పెట్టాను నేను! పనికిరాని ముక్క కోసం!"

"డాక్టర్" అంది మేట్రన్, "దాన్ని ఉరి తియ్యడానికి తర్వాత మంచిరోజు చూసుకోండి. ముందు నా తల సంగతి చెప్పండి."

వత్సల డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆవిడ ముఖంలో కోపం కంటే ఊరట ఎక్కువగా కనిపించింది. "ఇదే నాకు కావలసింది. ఒకరకం గడ్డ ఉంది మేట్రన్, మెదడులోనే పుట్టే లింఫోమా. ముసలితనంలోనే ఎక్కువ. మిగతా గడ్డలకి స్టీరాయిడ్ ఇస్తే చుట్టూ వాపు తగ్గుతుంది, గడ్డ అలాగే ఉంటుంది. ఇది అలా కాదు. ఆ మందు తగిలితే రోజుల్లో కరిగి కనబడకుండా పోతుంది. చచ్చిపోయిందనుకుంటాం. చావదు, మళ్ళీ వస్తుంది."

"అదేనని ఖాయమా?"

"నూటికి ఎనభై. కానీ దానికి పెట్టే మందు చాలా బలమైనది. మీ వయసులో కిడ్నీలు తట్టుకోవడమే కష్టం. కణం కంటితో చూడకుండా అనుమానం మీద పెట్టలేం. నడుము దగ్గర వెన్నులోంచి నీరు తీసి చూశాం, అందులోనూ ఏమీ లేదు."

"అయితే ఏం చెయ్యాలి?"

సనల్ డాక్టరే చెప్పారు. "ఏమీ చెయ్యకూడదు. స్టీరాయిడ్ ముట్టుకోకుండా కాచుకుని కూర్చోవాలి. అది తిరిగొచ్చాక పట్టుకోవాలి. రెండు వారాలు పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. వచ్చేటప్పుడు మీకు మళ్ళీ అన్నీ మొదలవుతాయి."

"మతి పోవడం కూడా."

"అవును."

మేట్రన్ నారింజ తొన ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. "సరే, కూర్చుందాం. రోజూ పొద్దున నన్ను ప్రశ్నలడిగి రాయడానికి ఒకరు కావాలి. ఇదే రాస్తుంది. ఈసారి ఒక్క అక్షరం వదలదు."

ఆ సాయంత్రమే నా దగ్గర్నుంచి వార్డు తాళాలు తీసుకున్నారు. విచారణ పెట్టారు. అది తేలేదాకా పేషెంట్లని ముట్టుకోవడానికి లేదు. మేట్రన్ పట్టుబట్టింది కాబట్టి పద్నాలుగో గదిలోకి మామూలు చుట్టంలా రానిచ్చారు.

ఏలియామ్మకి చెప్పడం వీటన్నిటికంటే కష్టమైంది. విన్నాక ఆవిడ మంచం పట్టె పట్టుకుని నెమ్మదిగా కూలబడింది.

"అంటే పుణ్యాత్ముడు కాదా? నువ్వా?"

"చేచ్చీ..."

"నన్ను చేచ్చీ అనకు. నేను అక్కడ మోకాళ్ళు అరగదీసుకుంటుంటే నువ్వు ఇంట్లో దొంగచాటుగా సూదులు పొడిచావు. మా చర్చి పారిష్ మొత్తానికి చెప్పుకున్నానే! ఫాదర్ ప్రసంగంలో కూడా మా అక్క పేరెత్తారే! ఇప్పుడు మళ్ళీ దాని తల చెడిపోయేదాకా కూర్చుని చూడాలా?"

"అవును."

"నీ అమ్మకైతే చూస్తావా?"

ఆదివారం బాణం రాలేదు, బ్యాండూ రాలేదు. ఆ తర్వాత ఏలియామ్మ నాతో మాట్లాడటం మానేసింది. నేను గదిలోకి వస్తే ఆవిడ జపమాల పట్టుకుని వరండాలోకి పోయేది.

రోజూ ఏడింటికి వెళ్ళి అడిగేదాన్ని. ఇవాళ ఏ వారం? ఇది ఏ ఊరు? నేనెవర్ని? వందలోంచి ఏడు తీస్తే ఎంత? మొదటి వారం ఆవిడ నన్ను ఆటపట్టించింది. "నువ్వెవరా? నా ప్రాణానికి వచ్చిన శనివి. తొంభై మూడు. రాసుకో." ఎనిమిదోరోజు బుధవారాన్ని మంగళవారం అంది. ఇద్దరం నవ్వాం. అందరం పొరబడే వారమే కదా అనుకున్నాను, కానీ రాశాను. తొమ్మిదోరోజు తొంభై మూడు రావడానికి చాలాసేపు పట్టింది. పదోరోజు మంచం దిగుతూ కుడివైపుకి తూలిపోయి నా భుజం పట్టుకుంది. "వస్తోందే" అంది చిన్నగా. ఆ రోజు ఆవిడ ముఖంలో మొదటిసారి భయం చూశాను. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పన్నెండోరోజు పొద్దున అడిగాను. "నేనెవర్ని మేట్రన్?"

ఆవిడ మర్యాదగా నవ్వింది. ముప్ఫై ఏళ్ళలో నన్ను చూసి అంత మర్యాదగా ఎప్పుడూ నవ్వలేదు. "క్షమించాలి. మిమ్మల్ని ఎక్కడో చూశాను. పేరు తోచట్లేదండీ."

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమని మీకు చెబితే నన్ను మనిషనుకోరు. కానీ కలిగింది సంతోషమే. వచ్చింది, ఇక దొరుకుతుంది అనుకున్నాను. ఆ వెనకాలే ఏడుపు ముంచుకొచ్చింది. కాగితం మీద టైము వేసి, 'పేరు చెప్పలేకపోయింది' అని రాసి, సనల్ డాక్టరు గదికి పరుగెత్తాను.

పదకొండు గంటలకల్లా స్కాన్ అయింది. మేట్రన్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరు గదికే తీసుకొచ్చాను. ఏలియామ్మ తలుపు దగ్గర నిలబడింది. సనల్ డాక్టరు పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ వెలుతురు డబ్బా మీద పక్కపక్కన పెట్టి, కొత్తదాని మీద వేలు ఆనించారు.

"వచ్చింది. కానీ పోయినసారి ఉన్నచోటికి కాదు. మెదడు కాడలోకి దిగింది. ఊపిరి, గుండె, మింగడం, అన్నీ నడిపేది ఇదే." ఆయన వేలు తీసేశారు. "ఇక్కడికి నేను సూది పంపలేను సిస్టర్. పంపితే బల్ల మీదే పోతారు."

ఆ నాలుగు ఇంజక్షన్లు పడకపోతే ఆ గడ్డ అందే చోటే ఉండగా దొరికిపోయేది. ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. అనక్కర్లేదు.

వత్సల డాక్టరు ఫిల్ముల వైపు చూడటం లేదు. కుర్చీలో ఉన్న మేట్రన్‌నే చూస్తోంది. మేట్రన్ ముఖం ముందు చేత్తో ఏదో తోలుతోంది, ఆగి మళ్ళీ తోలుతోంది.

"ఏం తోలుతున్నారు మేట్రన్?"

"దోమలమ్మా. పొద్దుట్నుంచి కళ్ళముందే తిరుగుతున్నాయి."

ఆ చల్లని గదిలో ఒక్క దోమ లేదు. వత్సల డాక్టరు ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చిలైటు కంట్లోకి వేసింది. అలా ఎంతసేపు చూసిందో తెలియదు. లేచి, "సనల్, కంటి డాక్టర్ని పిలవండి" అంది. "ఈ గడ్డ ఒక్కోసారి కంట్లోకి కూడా దిగుతుంది. కంటి లోపలి ద్రవం కొంచెం తీసిస్తే చాలు, నేను కణం వెతుక్కుంటాను. అది దొరికితే రేపే మందు మొదలుపెట్టొచ్చు."

"తియ్యడంలో ప్రమాదం?" అన్నారు సనల్ డాక్టరు.

"తక్కువే. కానీ ఒక్కోసారి కన్ను పోతుంది."

మేట్రన్ ఎడమకన్ను నీటికాసులతో పోయి పదిహేనేళ్ళయింది. ఆవిడకి ఉన్నది ఆ కుడికన్నొక్కటే. సరే అనడానికో వద్దనడానికో ఆవిడకి ఇప్పుడు మతి లేదు. సంతకం పెట్టాల్సింది చెల్లెలే.

సనల్ డాక్టరు కాగితం ఏలియామ్మ ముందుకి జరిపారు. ఆవిడ దాన్ని చూడలేదు. డాక్టర్లని చూడలేదు. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"నువ్వు చెప్పు ఫిలో. ఈసారి ఏమీ దాచకుండా చెప్పు. నేను పెట్టనా, వద్దా?"